మునిగి లేచు నావ

ఇంటి యాడువారికి పడవలతో నేమి పని యని సోదరీమణులు నవ్వుదురేమో! మొదట మేమును అట్లే నవ్వితిమి. నిరుడు వేసవిలో ఇంగ్లండునుండి వచ్చిన మా అన్నగారు, పండ్రెండేండ్ల మా చిరంజీవికి బహుమానముగా నొక పెట్టె తెచ్చిరి. విప్పి చూడగా అందులో ఆటవస్తు వేదియు లేదు. ఆకారములు కోసి యుంచిన పలుచని ప్లైవుడ్డు పలకలును, చీపురుకట్టవలె గట్టిన సన్నని చెక్కబద్దలును, రెండు చిన్న మోటార్లును, ఇత్తడి కమ్ములును, మంచము నిండ పఱచుకొను పటమొకటియు నుండెను. ఇవి యన్నియు గూర్చి కట్టినచో మూరెడు పొడుగు పడవ యగునట. ఒడ్డున నిలిచి, చేతిలోని రేడియో యంత్రముతో దానిని నీటిపై నడపవచ్చునట.

మా వారు బడిలో పిల్లలకు క్షేత్రగణితము చక్కగా చెప్పుదురు గాని, గోడకు మేకు కొట్టవలసివచ్చినచో వడ్రంగికి కబురుపెట్టుదురు. అన్నగారు పది దినము లుండి వెడలిపోయిరి. కావున ఆ పటము మా పాలబడినది. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేయుట యెఱిగిన చేతికి గీతల పోకడ తెలిసికొనుట కష్టము గాలేదు. ఆంగ్లపు మాటలకు మా వారు అర్థము చెప్పిరి. గీతల యర్థము మేము వారికి జెప్పితిమి.

అయినను పడవ యనగనే మా మనస్సు చివుక్కుమన్నది. పిల్లవాని సంతోషము చూచి పైకి బయటపెట్టలేదు. దాని కారణము ముందు చెప్పెదము.

అది సామాన్యమైన పడవ గాదు. సముద్రములో నోడ బ్రద్దలైనప్పుడు, అందలి మనుష్యులను రక్షించుటకై తుపానుకు ఎదురేగు ప్రాణరక్షక నావ. దాని కథ అన్నగారు రాత్రి భోజనముల యనంతరము మాకు జెప్పిరి. 1789లో ఇంగ్లండునందు టైను నదీ ముఖమున ‘అడ్వెంచరు’ అను నోడ ఇసుకమేటకు తగులుకొని బ్రద్దలయ్యెను. ఒడ్డున వేలకొలది జనము నిలిచి చూచుచుండిరి. ఆ కెరటములలోనికి బోగల పడవ లేనందున, కనులయెదుట నావికులు ఒక్కరొక్కరుగా జాఱి పడి చనిపోవుచున్నను ఎవరును ఏమియు జేయలేకపోయిరి. ఆ దుఃఖముతో సౌత్ షీల్డ్సు పట్టణపు పెద్దలు, ఎట్టి తుపానుకైనను నిలుచు పడవ నమూనా తెచ్చినవారికి రెండు గినీల బహుమాన మిత్తుమని చాటించిరి.

ఆ యూరి చర్చిలో గుమాస్తాగా నున్న విలియం వుడ్‌హేవ్ అనునాతని గూర్చి యొక ముచ్చట చెప్పుదురు. నీళ్లు తోడుకొని పోవుచున్న యొక స్త్రీ కడవ యెత్తిపెట్టుమని యాతనిని పిలిచెనట. ఆ కడవలోని నీటిపై పగిలిన కొయ్యగిన్నె ముక్క యొకటి తేలుచుండెను. ఆతడు మాటలాడుచు దానిని వ్రేలితో బోర్లించెను. అది తిరిగి వెల్లకిల దిరిగెను. ఎన్నిమార్లు బోర్లించినను అట్లే లేచెను. దానిని బట్టి ఆతడు, బోర్లపడినను తనంతట లేచు పడవను రేకుతో జేసి పెద్దల యెదుట బెట్టెను. వారు బహుమానములో సగము, అనగా నొక గినీ, ఇత్తుమనగా ఆతడు నిరాకరించి వెడలిపోయెనట. పిమ్మట హెన్రీ గ్రేట్‌హెడ్ అను పడవలపనివాడు 1790లో కట్టిన నావ టైను ముఖమున నలువదేండ్లు పని చేసెను. 1824లో సర్ విలియం హిల్లరీ అనునాతని ప్రయత్నమున దేశమంతటికి నొక రక్షకనావా సంఘ మేర్పడెను. నేటి రాయల్ నేషనల్ లైఫ్‌బోటు ఇన్‌స్టిట్యూషను అదియే. 2024లో దానికి 200 ఏండ్లు నిండెను. ఇన్నాళ్లలో అది కాపాడిన ప్రాణములు 1,46,000కు పైబడినవి. ఆ నావలపై బోవువారిలో హెచ్చుమంది జీతము గొనువారు గారు. చేపలు పట్టువారును, అంగళ్లు నడుపువారును, ఉపాధ్యాయులును పిలుపు వినగనే చేతిపని విడిచి పరుగెత్తుదురు.

మా పెట్టెలోనిది వేవెనీ యను తరగతి నావకు నమూనా. అసలు నావ 44 అడుగుల పొడుగు గలది, ఉక్కుతో జేసినది. దాని ఆకృతి అమెరికా తీరరక్షక దళమువారిది. 1964లో ఇంగ్లండునకు వచ్చి, 1999 వఱకు అచ్చటి రక్షకసంఘమున పని చేసినది. నీరు చొఱని గదులుండుటచేత అది తలక్రిందైనను వెంటనే లేచి నిలుచును. “మునిగి లేచునా?” యని మా చిరంజీవి కన్నులు విప్పి యడిగెను.

మఱునాటినుండి పని మొదలు. అడుగున వెన్నెముకవంటి యొక కఱ్ఱ. దానిపై ప్రక్కటెముకలవంటి పలకలు. ఇవి చక్కగా నిలువనిచో తరువాత నెంత పనితన మున్నను పడవ వంకర పోవును. ఈ చివరనుండి యా చివరకు దారము కట్టి, ఒక్కొక్క యెముక దారమున కానుచున్నదో లేదో చూచి జిగురు పెట్టితిమి. పిమ్మట బద్దలు పఱచుట. బద్దను గోరువెచ్చని నీటిలో నానబెట్టినచో తాటియాకువలె మెల్లగా వంగును. తొందరపడినచో పుటుక్కున విఱుగును. జిగురు ఆఱునందాక కదలకుండుటకు, బట్టలారవేయునప్పుడు పెట్టు క్లిప్పులు నలువది తెచ్చి పెట్టితిమి. మూడు దినములు తడిబట్టలు దండెముమీద గాలికి ఎగిరిపోవుచుండ మా యత్తగారు నవ్వి యూరకుండిరి.

ఇచ్చట మేమొక తప్పు చేసితిమి. పటములో కుడివైపున నొక బద్ద, ఎడమవైపున నొక బద్ద వేయుచు బొమ్మని యుండగా, ఉత్సాహము పట్టజాలక ఒక ప్రక్కయే పూర్తిచేసితిమి. తెల్లవాఱి చూడగా వెన్నుకఱ్ఱ ఆనపకాయవలె వంకర తిరిగి యుండెను. చిరంజీవికి కంట నీరు తిరిగెను. మా వారు పడవను త్రిప్పి చూచి, “ఒక పక్షమే విన్న తీర్పును, ఒక ప్రక్కయే కట్టిన పడవయు నిలువవు” అనిరి. వేడినీటి గుడ్డలు వేసి జిగురు కరగించి, బద్దలన్నియు నూడదీసి మరల మొదలిడితిమి. జడ యల్లునపుడు ఒక పాయను మాత్రమే బిగించినచో జడ ప్రక్కకు పోవునని మా కూతునకు దినమును చెప్పు మేమే ఈ సంగతి మఱచితిమి!

తక్కిన పని నెమ్మదిగా సాగెను. సందులలో రంపపుపొట్టును జిగురును కలిపి పూసితిమి. ముతక యుప్పుకాగితముతోను, పిదప సన్నని దానితోను రుద్దితిమి. కన్నులు మూసికొని అరచేతితో తడివినచో కంటికి గనబడని మిట్టలు తెలియును. పిండి జల్లించిన చేతికి ఇది వెన్నతో బెట్టిన విద్య. లోపలను వెలుపలను వార్నీషు పూసి, క్రింది భాగమునకు ముదురు నీలమును, పైగదికి నారింజరంగును వేసితిమి.

యంత్రభాగమును చిరంజీవియే చూచుకొనెను. మోటారునుండి నీటిలోని చక్రమునకు బోవు కమ్మి యొక గొట్టములో దిరుగును. ఆ గొట్టము నిండ గ్రీజు కూరవలెను. అదియే నీటికి తలుపు. చుక్కానిని త్రిప్పుటకు వేఱొక చిన్న మోటారు కలదు. చేతిలోని యంత్రముపై పుల్ల కదల్చినచో, ఆ యాజ్ఞ రేడియో తరంగములపై బోయి పడవలోని గ్రాహకయంత్రమునకు అందును. అది మోటార్ల వేగమును చుక్కానిని మార్చును. ఆ తరంగములు నీటిలో జొరవు. కావున గ్రాహకపు తీగ నీటిమట్టమునకు పైన నుండవలెను. మొదట చేతియంత్రమును, తరువాత పడవను మేలుకొలుపవలెను. ఆపునపుడు పడవను ముందాపవలెను. ఈ నియమము వాడు మాచే మూడుమార్లు ఒప్పజెప్పించుకొనెను.

మొదట గంగాళములో వదలితిమి. పడవ యొక ప్రక్కకు సోలెను. బ్యాటరీని పైగదిలో బెట్టుటయే దోషము. దానిని అడుగునకు దించి, వలలకు గట్టు సీసపుగుండ్లు వెన్నుకఱ్ఱ కిరుప్రక్కల నంటించితిమి. అప్పుడు సరిగా నిలిచెను. బరువు క్రిందను, తేలిక పైనను ఉన్న వస్తువే లేచి నిలుచునని అప్పుడు తెలిసికొంటిమి.

శ్రావణములో కాలువ నీరు వచ్చి చెఱువు నిండెను. ఒక యాదివారము సాయంకాలము అందఱము చెఱువుగట్టునకు బోతిమి. పడవ నీటిని చీల్చుకొని పోయెను. వీధిలోని పిల్లలందఱు కేకలు వేసిరి. నడిచెఱువు చేరి మలుపు తిరుగునంతలో అది యాగిపోయెను. చిరంజీవి పుల్ల నెంత కదల్చినను కదలదు. గ్రీజు పిసినారితనముగా పెట్టినందున గొట్టము దారిని నీరు చొచ్చి, గ్రాహకయంత్రము తడిసినదని తరువాత దెలిసినది. పడవ మునుగలేదు గాని గాలికి లోనికి బోవుచుండెను.

వలలు వేయు నతని కొడుకు, మా చిరంజీవి యీడువాడే, చొక్కా విప్పి దుమికి, నాలుగు బారలలో దానిని పట్టి తెచ్చెను. ఒడ్డుననున్న వారెవరో, “పంతులుగారి అబ్బాయికి ఈత రాదా?” అనిరి. వాడు తలవంచికొని పడవను రొమ్మున కదుముకొని ఇంటికి వచ్చెను. ఆ రాత్రి మంచముపై బండుకొని, “అమ్మా! ప్రాణములు కాపాడు పడవ చేసితిమి గదా. నేనే నీటిలో పడితినేని?” యని యడిగెను. మాకు మాట రాలేదు.

ఇక దాచిన సంగతి చెప్పెదము. మాకు పదునొకండేండ్లప్పుడు మా తమ్ముడు కాలువలో బోయెను. వానికి తొమ్మిదేండ్లు. స్నానపు మెట్లపైనుండి చెంబు జాఱి కొట్టుకొనిపోవుచుండ దానికై వంగెను. అంతే. మెట్లమీద ఎనమండుగుర ముంటిమి. అరచితిమి, ఏడ్చితిమి, చేతులు చాచితిమి. ఒక్కరికైనను ఈత రాదు. పొలమునుండి మగవారు పరుగెత్తి వచ్చుసరికి కాలము మించినది. నాటినుండి మా యమ్మ, “మన యింటి బిడ్డ నీటి దాపునకు బోరాదు” అని కట్టడి చేసెను. మేము తల్లుల మయ్యును ఆ కట్టడిని దాటలేదు. కాలువలును చెఱువులును నిండియున్న యీ సీమలో బిడ్డలకు ఈత రాకుండ పెంచుటయే రక్షణ మనుకొంటిమి.

ఆ రాత్రి మాకు టైను నది యొడ్డున నిలిచిన వేలమందియు, మా కాలువ మెట్లపై నిలిచిన యెనమండుగురును ఒక్కటిగా గనబడిరి. దోషము నీటిది గాదు, చేతగానితనముది. మా వారితో చెప్పగా కొంతసేపు ఊరకుండి, “మీ అమ్మగారి మనస్సు నొవ్వకుండ జేయవలెను” అనిరి.

అప్పుడు మా యమ్మ మా యింటనే యుండెను. భోజనమైన పిదప దగ్గఱ కూర్చుండి సంగతి చెప్పితిమి. ఆమె మొగము రాయి యయ్యెను. “అమ్మాయీ! నీటికి ఒకనిని ఇచ్చితిని. ఇంకొకనిని ఇయ్యను. నేను పోయిన పిమ్మట నీ యిష్టము” అని యటు తిరిగి పండుకొనెను.

మఱునాడు ఆమెకు పురాణము చదువుచు లక్కయింటి కథ తీసితిమి. ఆమెకు కథ యంతయు తెలియును. అయినను అడిగితిమి: “అమ్మా! విదురునకు పాండవులపై నెంత ప్రేమ! ఆపద వచ్చునని తెలిసియు ఆతడు ఏడ్చుచు గూర్చుండెనా? సొరంగము త్రవ్వువానిని ముందే పంపెను. గంగ దాటుటకు, ఎట్టి గాలికైనను నోర్చు యంత్రపు నావను సిద్ధముగా నుంచెను. ఆ నావ యను మాట లేనిచో పాండవుల కథ గంగయొడ్డుననే ముగిసెడిది గదా.” ఆమె బదులు చెప్పలేదు. విన్నదని మాత్రము తెలిసెను.

ఇంతలో చిరంజీవి యంత్రమును ఆరబెట్టి, గొట్టము నిండ గ్రీజు కూరి, పైమూతకు రబ్బరంచు వేసి, పడవను మరల గంగాళములో విడిచెను. “అమ్మమ్మా! చూడుము” అని దానిని బోర్లించెను. అది గిఱ్ఱున దిరిగి లేచెను. మా యమ్మ దగ్గఱకు వచ్చి కూర్చుండెను. తానే వ్రేలితో దానిని ప్రక్కకు నొక్కి ముంచెను. లేచెను. అరచేతితో నొక్కి అడుగంట బట్టి యుంచి విడిచెను. నీరు చిమ్ముకొనుచు లేచెను. మూడవమాఱు ముంచి చాలసేపు పట్టియుండెను. ఆమె చేయి వడకుట చూచితిమి గాని దగ్గఱకు బోలేదు. విడువగనే పడవ లేచి, తలయూపుచు నిలిచెను. ఆమె కొంగుతో చేయి తుడిచికొని లోనికి బోయెను.

మఱునాటి యుదయమున అటుకమీదినుండి రెండు ఎండిన ఆనపకాయ బుఱ్ఱలు దించి మా ముందఱ బెట్టి, “నడుమునకు గట్టుటకు ఇవి పనికివచ్చును. పెద్దవాడొకడు నీటిలో నుండనిదే వాడు దిగరాదు” అనెను.

ఆ వలల యతడు నేర్పుటకు సంతోషముగా నొప్పుకొనెను. మొదటి దినము మొలలోతులో ముఖము ముంచి యూపిరి విడుచుట; మూడవ దినము బుఱ్ఱలతో తేలుట. భాద్రపదము ముగియునప్పటికి బుఱ్ఱలు విప్పెను. మేము దినమును గట్టున గూర్చుంటిమి. మొదటి వారము మా గుండె చప్పుడు మాకే వినబడుచుండెను.

సోదరీమణుల యుపయోగార్థము నేర్చిన రెండు మూడు సంగతులు వ్రాయుచున్నాము. మునుగువానికై ఈత రానివారు దుమికినచో రెండు ప్రాణములు పోవును. దుమకక అందించవలెను. నేలపై బోర్లపండుకొని కఱ్ఱయో, చీరయో విసరవలెను. ఆఱుగజముల చీర మన యొంటిమీదనే యున్న త్రాడు. ఆనాడు మా యెనమండుగురిలో నొక్కరికిని ఆ తలంపు రాలేదు. మూతబిగించిన ఖాళీ డబ్బా త్రాటికి గట్టి రేవున నుంచినచో తేలుటకు ఆధార మగును. పసిబిడ్డలకు ఇంటిలోని తొట్టియు నీళ్లబిందెయు చెఱువంత భయమే. ప్రపంచారోగ్యసంస్థవారు 2024లో ప్రకటించిన లెక్క చొప్పున, 2021లో లోకమున సుమారు 3,00,000 మంది నీట మునిగి పోయిరి. వారిలో ఇంచుమించు నాలుగవవంతు అయిదేండ్లు నిండని శిశువులు. బడియీడు పిల్లలకు ఈత నేర్పుట రక్షణోపాయములలో నొకటి యని ఆ సంస్థయే చెప్పుచున్నది.

ఇది మగపిల్లల విద్య యని యెవరైన ననవచ్చును. 1838 సెప్టెంబరు 7వ తేదీని, ఇంగ్లండు తూర్పుతీరమున ‘ఫర్‌ఫార్‌షైరు’ అను నోడ బండకు దగిలి బ్రద్దలైనప్పుడు, దీపస్తంభపు కావలివాని కూతురు గ్రేస్ డార్లింగు, ఇరువదిరెండేండ్ల కన్య, తండ్రితో గూడ తెడ్లు వేసి ఆ కెరటములలోనికి బోయెను. ఆనాడు ఆ బండనుండి తొమ్మండుగురి ప్రాణములు దక్కినవి. కెంటు సీమలో డంజెనెస్సు అను రేవున, గులకఱాళ్లమీదుగా రక్షకనావను నీటిలోనికి లాగుటకు తరతరములుగా స్త్రీలే త్రాళ్లు పట్టిరని అన్నగారు చెప్పిరి.

కార్తికమాసమున నొక సాయంకాలము మరల పడవను చెఱువులో విడిచితిమి. ఈమాఱు అది నడిచెఱువు దాటి, అవతలి తామరల యొద్ద మలుపు దిరిగి, నేరుగా మా మెట్లకు వచ్చి చేరెను. దాని వెనుక కొంచెము దూరమున చిరంజీవి యీదుచు వచ్చెను. వలల యతడు వాని ప్రక్కనే యుండెను. మేము మొలలోతు వఱకు దిగి నిలిచితిమి. ఇరువదియేండ్లకు పైబడిన పిమ్మట ఇంటి గంగాళమునకు మించిన నీరు మా నడుమునకు దగులుట అదియే మొదలు.

మెట్టుమీద మా యమ్మ కూర్చుండి యుండెను. ఆమె యొడిలో మా కూతురు, ఎనిమిదేండ్లది, కాళ్లు నీటిలో ఆడించుచుండెను. పడవను పైకి దీసి తుడుచుచుండగా మా యమ్మ మెల్లగా ననెను: “ఇక దీనికిని నేర్పింపుము, అమ్మాయీ. ఆనాడు మెట్లమీద నున్నవార మందఱమును ఆడువారమే గదా.”